తెరిపికి గుడ్డలు ఆరేయకూడదు

చలి లేని చలికాలం

మొన్న సింగపూరు జురాంగ్ ఈస్ట్‌లో ఒక పెళ్ళికి వెళితే, కొత్తగా విమానాశ్రయం పనిలో చేరిన మన పిల్లలు ముగ్గురు నన్ను పట్టుకున్నారు. “అంకుల్, ముప్పై ఏళ్ళు చేశారంట కదా, జాబ్ ఎలా ఉంటుంది?” అని అడిగారు. అప్పటికే వడ్డన మొదలైంది. ఆకు ముందు కూర్చుని చెప్పే సంగతి కాదు, రాసిస్తానన్నాను. అదే ఇది.

జీతం ఎప్పుడు పెరిగింది, బ్యాడ్జీ రంగు ఎప్పుడు మారింది, ఆ లెక్కలు వదిలేస్తున్నాను. అవి మీకే తెలిసివస్తాయి. నేను చదివింది ఆరో తరగతి. మా నాన్న విజయనగరం వైపు నుంచి వచ్చి సెంబవాంగ్‌లో ఓడలకు రంగులు వేసేవాడు. నేను ఇక్కడే పుట్టాను. తెలుగు అక్షరాలు అమ్మ పంచాంగం మీద వేలు పెట్టి నేర్పింది. అందుకని రాతలో తప్పులుంటే సర్దుకోండి. జ్ఞాపకంలో మాత్రం తప్పులుండవు. ఎవరు ఎక్కడ నిలబడి ఏమన్నారో నాకు అలాగే ఉండిపోయింది.

పని చెప్పుకుంటే చిన్నదే. మాది పెద్ద విమానాలు వాలే చోటు కాదు. ఎనిమిది మందో పన్నెండు మందో పట్టే విమానాలు, ఎగరడం నేర్చుకునేవాళ్ళ బుల్లి విమానాలు వచ్చేవి. వచ్చి ఆగితే చక్రాల కింద దిమ్మలు పెట్టాలి, వెళ్ళేటప్పుడు తీయాలి. రెండు చేతుల్లో రెండు కర్రలు పట్టుకుని రా, ఇంకా రా, ఆగు అని సైగ చేయాలి. పెట్టెలు తూచి ఎక్కించాలి. పెట్రోలు బండికి దారి చూపించాలి. ఇవన్నీ ఆరు వారాల్లో వచ్చేస్తాయి. వీటితో పాటు ఎవరూ చెప్పని పని ఇంకొకటి ఉంది, ఆకాశం చూడడం. అది నాకు పట్టుబడడానికి పన్నెండేళ్ళు పట్టింది.

సింగపూరులో చలికాలం ఏమిటని మీరు నవ్వుతారు. నవ్వండి. ఇక్కడి చలికాలం ఒంటికి తెలియదు, ఆకాశానికి తెలుస్తుంది. డిసెంబరు వచ్చిందంటే పైన ఎక్కడో చైనాలో చలి ముదురుతుంది. అక్కడ బయల్దేరిన గాలి సముద్రం మీదుగా వస్తూ వస్తూ నీళ్ళు తాగి, మన దగ్గరికి వచ్చేసరికి నెలలు నిండిన మనిషిలా అడుగు వేయలేక కూలబడుతుంది. ఇక మూడు నాలుగు రోజులు ముసురు. ఉరుములుండవు, మెరుపులుండవు. మధ్యాహ్నం మూడింటికి కూడా తెల్లవారనట్టే ఉంటుంది. మబ్బు వచ్చి అపార్ట్‌మెంట్ బ్లాకుల నెత్తిన కూర్చుంటుంది.

చూసేవాళ్ళకు ఉరుముల వానే భయం. మా చిన్న విమానాలకు మాత్రం ముసురే భయం. ఉరుముల వాన చుట్టపుచూపుగా వస్తుంది, గంటలో పోతుంది. పైగా దూరం నుంచే కనిపిస్తుంది, పక్కనుంచి తప్పుకుపోవచ్చు. ముసురంటే కప్పుకున్న దుప్పటి. ఎటు తిరిగినా అదే. పెద్ద విమానాలకు యంత్రాలుంటాయి, కళ్ళు మూసుకున్నా దిగిపోతాయి. మావి వెళ్ళేది చుట్టుపక్కల దీవులకు. అక్కడ రన్‌వే అంటే ఒక చివర కొండ, ఇంకో చివర సముద్రం. పైలట్ కంటితో చూసి దిగాల్సిందే. మబ్బు కిందికి దిగిందంటే కన్ను పోయినట్టే.

రహీమ్ గారి కొలబద్ద

నాకు పని నేర్పిన పెద్దాయన రహీమ్. మలై జాతి ఆయన. అందరం పాక్‌చిక్ అనేవాళ్ళం, బాబాయ్ అన్నట్టు. చేరిన రోజున నా పేరు అడిగితే సూరి అని చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. మలైలో సూరి రుమా అంటే ఇల్లాలు. “ఇల్లాలిని పంపించారా నా దగ్గరికి? సరే, గుడ్డలు ఉతకడం వచ్చా?” అన్నాడు. ఆ మాట ఎంత దూరం వస్తుందో మా ఇద్దరికీ అప్పుడు తెలియదు.

ఆయన మబ్బును ఎన్నడూ నేరుగా చూసేవాడు కాదు. “మబ్బు అబద్ధం చెబుతుంది. నిన్న కనపడి ఇవాళ కనపడనిది ఏదో చూడు” అనేవాడు. దక్షిణాన బుకిత్ తిమా కొండ మీద పొడుగాటి టవర్లున్నాయి. టవరు తల మునిగిందంటే బుల్లి విమానాలు నేల మీదే. నడుము మునిగిందంటే మా విమానాలు కూడా. కొండే మాయమైతే తే తారిక్ టీ తెప్పించుకుని కూర్చోవడమే. టవరు కనపడని మూల నిలబడాల్సి వస్తే ఎదుటి బ్లాకుల అంతస్తులు లెక్కపెట్టేవాళ్ళం. వాతావరణ శాఖ కాగితం వచ్చేది, అందులో అంకెలు సరిగానే ఉండేవి. రహీమ్ గారు ఆ కాగితం చదివి, మడిచి జేబులో పెట్టుకుని, అప్పుడు టవరు చూసేవాడు. ముందు కాగితం, తరవాత కన్ను. కన్ను చూసి కాగితం అక్కర్లేదనుకునేవాణ్ణి ఆయన దగ్గరికి రానిచ్చేవాడు కాదు.

మీకు ఫోన్లో అన్నీ వస్తాయి, నాకు తెలుసు. అయినా డ్యూటీకి వచ్చిన మొదటి రోజే మీ టవరు ఏదో వెతుక్కోండి.

కరిగిపోయిన దొంగ

ఎగరడం నేర్చుకునే ఒక చైనా అమ్మాయి ముసురు ముగిసిన మర్నాడు ఉదయం దిగడానికి వస్తోంది. చల్లగా ఉంది, గాలి తడిగుడ్డలా ఉంది. చివరి మలుపులో ఇంజను దగ్గింది. ఒకసారి, రెండోసారి. అమ్మాయి గట్టిది, ఎలాగో రన్‌వే అంచు అందుకుంది. మెకానిక్కు మాణిక్యం అన్న వచ్చి మూత విప్పాడు. ఆయన తమిళాయన, తెలుగు అర్థమవుతుంది. లోపల ఏమీ లేదు. అంతా శుభ్రం.

“ఐస్” అన్నాడు. నేను నవ్వాను. సింగపూరులో తురిమిన ఐసు అమ్మే ఐస్ కచాంగ్ బండి మీద తప్ప ఐసు ఎక్కడిదన్నా అన్నాను. ఆయన నవ్వలేదు. ఇంజను గొట్టంలోకి తడి గాలి దూసుకుపోయేటప్పుడు లోపల చల్లబడుతుందట, ఆ తడి అక్కడే గడ్డ కట్టి ఊపిరి ఆపేస్తుందట. దిగి మూత విప్పేలోగా ఇంజను వేడికి కరిగిపోతుంది. దొంగతనం చేసి దొంగే మాయమైనట్టు. ఆ అమ్మాయికి భయంతో ఏదో తోచిందని ఆఫీసులో రాశారు. అది ఐసేనని, గొట్టంలోకి వేడి గాలి పంపే మీట లాగడం మరిచిపోయిందని మాణిక్యం అన్న వెళ్ళి చెబితే అప్పుడు దిద్దారు. ఆధారం కనపడలేదని మనిషిని అనుమానించకండి. ముసురు రోజుల్లో ఆధారాలు కరిగిపోతాయి.

స్టాప్ ఆల్రెడీ

ఇక నా తప్పు. దీన్ని దాచుకుంటే మిగతాదంతా రాయడం దండగ.

మా దగ్గర కెప్టెన్ లిమ్ అని ఉండేవాడు. నాకంటే అయిదేళ్ళు చిన్న. సన్నగా, మాట తక్కువ. దీవికి ఎనిమిది సీట్ల విమానం తీసుకెళ్ళేవాడు. జనవరి మొదట్లో, ముసురు పట్టి రెండో రోజు. అయిదుగురు ప్రయాణికులు పొద్దున్నుంచి బెంచీ మీద కూర్చున్నారు. పదకొండింటికి వాన ఆగింది. వెలుగు వచ్చింది, టవరు తల కూడా బయటపడింది. లిమ్ కాగితం చేత్తో పట్టుకుని బయటికి వచ్చాడు. రోజంతా మబ్బు కిందే ఉంటుంది, నడుమ నడుమ కాస్త విడుస్తుంది అని కాగితంలో ఉంది. ఆయన ఆకాశం చూసి, నన్ను చూసి, వాన సంగతేమిటని అడిగాడు.

“స్టాప్ ఆల్రెడీ” అన్నాను.

అబద్ధం కాదు. వాన ఆగింది. అయితే నా లోపల ఉన్నది ఆ మాట కాదు. నా లోపల ఉన్నది తెరిపి ఇచ్చింది అని. మీలో ఇంట్లో తెలుగు విని పెరిగినవాళ్ళకు తెలుస్తుంది. వాన వెలిసింది అంటే అయిపోయింది, ఇక రాదు. తెరిపి ఇచ్చింది అంటే ఊపిరి పీల్చుకుంటోంది, మళ్ళీ వస్తుంది. మా అమ్మ పదో అంతస్తు కిటికీలోంచి వెదురు గెడల మీద గుడ్డలు ఆరేసేది. పక్కింటివాళ్ళు వాన ఆగగానే గెడలు బయటికి దూర్చేవాళ్ళు. అమ్మ కిటికీలో చెయ్యి చాపి, గాలి ఏ వైపు నుంచి వస్తోందో చూసి, “తెరిపికి గుడ్డలు ఆరేయకూడదు” అని గెడ గోడకు ఆనించేసేది. అరగంటలో పక్కింటి గుడ్డలన్నీ మళ్ళీ తడిసేవి. ఇంట్లో ఇరవై ఏళ్ళు విన్న మాట అది. ఇంగ్లీషులోకి వచ్చేసరికి నాకు రెండూ ఒకటే అయిపోయాయి. రెండూ స్టాప్ ఆల్రెడీ.

లిమ్ వెళ్ళాడు. గంట ప్రయాణం. దీవి దగ్గరికి వెళ్ళేసరికి కొండ లేదు, రన్‌వే లేదు. రెండు చుట్లు తిరిగి వెనక్కి బయల్దేరాడు. ఈలోగా ఇక్కడ టవరు తల మునిగింది, నడుము మునిగింది, తరవాత కొండే పోయింది. నేను ఎర్ర కర్రలు చంకలో పెట్టుకుని కొండ ఉండాల్సిన చోటు చూస్తూ నిలబడ్డాను. రహీమ్ గారు పక్కకు వచ్చి నిలబడ్డాడు. లిమ్ జలసంధి దాటి, యంత్రాలున్న పెద్ద విమానాశ్రయానికి మళ్ళాడు. దిగాక గంటకు సరిపడా మిగలవలసిన పెట్రోలు పావుగంటకు మిగిలింది. మనుషులకు ఏమీ కాలేదు.

మర్నాడు ఆయన నేరుగా నా దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకున్నాను. నిన్న నువ్వు చూసిందేమిటో చెప్పు అన్నాడు. చెప్పబోయి తడబడ్డాను. స్టాప్, బట్ నాట్ స్టాప్ అంటూ చేతులు ఊపాను. ఆయన ఓపికగా విని, మీ భాషలో దానికి మాట ఉందా అని అడిగాడు.

“ఉంది. తెరిపి.”

పక్కనున్న రహీమ్ గారు తాగుతున్న కాఫీ కప్పు దించాడు. మలైలో తెరాపీ అంటే వైద్యం. “ఎవరికి జబ్బు? ఆకాశానికా?” అని ఆయన, ఆయన్ని చూసి మాణిక్యం అన్న, ఇద్దరూ నవ్వలేక చచ్చారు. లిమ్ నవ్వలేదు. ఆ మాట రెండుసార్లు పలికి చూసుకుని, జేబులోని చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. ఆ రోజు నుంచి నేను అక్కడ డాక్టర్‌ని. “డాక్టర్, టుడే తెరిపి ఆర్ ఫినిష్?” అని అడిగేవాళ్ళు. పేరుకు వెక్కిరింతే గానీ, అడగడం మాత్రం సరిగ్గా అడిగేవాళ్ళు.

మీకు వచ్చిన ఇంగ్లీషులో ఇరికించడానికి మీరు చూసినదాన్ని కోసేయకండి. మాట దొరక్కపోతే వచ్చిన భాషలో చెప్పి, అర్థమయ్యేదాకా విప్పి చెప్పండి. నవ్వితే నవ్వనీండి.

కిటికీ లేని గది

పై అధికారుల గురించి ఒక్కటే చెబుతాను. ఆ తరవాత కొన్నేళ్ళకు మా కంపెనీకి ఒక మేనేజరు వచ్చాడు. పేరు రాయను, ఆయన పిల్లలు ఇక్కడే ఉన్నారు. చెడ్డవాడు కాదు. దీపావళికి నాకు స్వయంగా మిఠాయి తెచ్చిచ్చేవాడు. ఆయన గదికి కిటికీ లేదు, అదే చిక్కు. ఎప్పుడూ ఒక్కటే అడిగేవాడు, వెళ్ళొచ్చా వెళ్ళకూడదా అని. ఎలా ఉంది అని అడిగేవాడు కాదు. రెండు ప్రశ్నలకూ తేడా ఉంది. ఎలా ఉంది అంటే మనం చూసింది చెబుతాం. వెళ్ళొచ్చా అంటే అడిగినవాడికి ఏది కావాలో అది చెబుతాం. నన్నూ కలుపుకునే అంటున్నాను.

వెళ్ళాలా వద్దా అన్నది పైలట్ మాట. మనం దిమ్మలు పెట్టేవాళ్ళం, అది మన నోట రాకూడదు. కానీ ఎలా ఉంది అని అడిగితే తలుపు సందులోంచి కాదు, బయటికి వచ్చి నిలబడి చెప్పాలి.

ఒక కుడి చెయ్యి

అది డిసెంబరు. ముసురు మూడో రోజు. దీవిలో ఒక హోటలు కడుతున్నారు. అక్కడ గొట్టాలు అతికే వెల్డరు గణపతి, టెక్కలి దగ్గరవాడు, ముప్పై ఏళ్ళు ఉంటాయి. పొద్దున పదకొండున్నరకు గొలుసు తెగి ఇనప గొట్టం అతని కుడి చేతి మీద పడింది. దీవిలో ఉన్న చిన్న ఆసుపత్రిలో కట్టు కట్టి, చెయ్యి నిలవాలంటే చీకటి పడేలోగా పెద్దాసుపత్రిలో ఉండాలన్నారు. సముద్రం పోటు మీద ఉంది, ఆ నెలంతా పడవలు లేవు. రన్‌వేకి దీపాలు లేవు, పొద్దుగూకితే విమానం దిగదు. అంటే మాకు మధ్యాహ్నం ఒక్కటే ఉంది. వెల్డరుకు కుడి చెయ్యి అంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు.

కబురు ఒంటిగంటన్నరకు వచ్చింది. లిమ్ సిద్ధంగా ఉన్నాడు, నర్సమ్మ వచ్చేసింది, స్ట్రెచర్ ఎక్కించేశాను. రెండింటికి మేనేజరు ఫోన్ పట్టుకుని పరుగున వచ్చాడు. దీవి నుంచి ఫోటో పంపారు. కొండ పక్కన అరచేతి మందం నీలం ఆకాశం. రన్‌వే మీద వెలుగు. “ఓకే లా, చూడండి, క్లియర్. ఇప్పుడే వెళ్ళండి” అన్నాడు. అక్కడి ఆఫీసువాళ్ళు కూడా ఓకే అనే రాశారు.

లిమ్ ఆ ఫోటో చూసి నా వైపు తిరిగాడు. “డాక్టర్?”

ఫోటోలో తెరిపికీ వెలవడానికీ తేడా తెలియదు. ఫోటో ఒక్క క్షణం. ఫోటో తీసిన మనిషి ఎవరని అడిగాను. అక్కడి మేస్త్రీ, పేరు సింహాచలం అన్నారు. తెలుగు పేరు వినగానే నాకు కాస్త ఊపిరి ఆడింది. ఫోన్ ఇటివ్వండి అన్నాను.

“సింహాచలం, నేను ఇక్కడ విమానాల దగ్గర సూరిని. వాన వెలిసిందా, తెరిపిచ్చిందా?”

అవతల గొంతు పెరిగింది. తెలుగులో అడుగుతారని అనుకోలేదు కాబోలు.

“తెరిపిచ్చినాది బాబాయ్. ఎలవనేదు.”

“కొండ?”

“నడుం కాడికి అగుపిస్తంది. తలకాయి నేదు. గాలింకా సముద్రం మీంచే తోలతంది.”

“పొద్దుటి నుంచి ఇలా ఎన్నిసార్లు?”

“ఇది మూడోసారి బాబాయ్. ఓపాలి అన్నమొండుకునేంత సేపుంటాది, మల్లీ మూసేత్తాది.”

ఎంత సేపటికి ఒకసారి అని అడిగితే, ఏ పని చేస్తుండగా మొదటిది వచ్చింది, ఏ పని చేస్తుండగా రెండోది వచ్చింది చెప్పాడు. మొదటిది టిఫిను వేళ. రెండోది గణపతికి దెబ్బ తగలడానికి కాస్త ముందు. ఇప్పుడు ఇది. అంటే రెండు రెండున్నర గంటలకు ఒకసారి. ఉన్నంతసేపు అరగంట, ముప్పావుగంట.

చెప్పింది చెప్పినట్టు లిమ్‌కు ఇంగ్లీషులో విప్పి చెప్పాను. ఇప్పుడు బయల్దేరితే మూడింటికి అక్కడుంటారు, అప్పటికి మూసుకుపోతుంది. తరవాతిది నాలుగున్నర ప్రాంతంలో రావచ్చు, రాకపోవచ్చు. ఇప్పుడే వెళ్ళి గాలిలో గంటన్నర కాచుకుంటే తిరుగు ప్రయాణానికి పెట్రోలు చాలదు. నేను అంతవరకే చెప్పి ఆగాను. లిమ్ గడియారం చూశాడు. మూడుంపావుకు బయల్దేరతాను, పెట్రోలు నిండా పోయండి అన్నాడు.

మేనేజరు లిమ్‌ను ఏమీ అనలేక నా మీదికి వచ్చాడు. “గంటకు పైగా ఆపుతున్నావు. ఆ చెయ్యి పోతే నీ వల్లే పోయినట్టు. నీకు తెలుస్తోందా?”

తెలుస్తోందన్నాను. ఆయన మాట తప్పు కాదు.

ఆ గంటా పావు నేను స్ట్రెచర్ పట్టీలు విప్పి మళ్ళీ బిగించాను. రెండు నలభైకి సింహాచలం తనే ఫోన్ చేశాడు. “మూసేసినాది బాబాయ్. కొండ నేదు.” లిమ్ తల ఊపాడు. మేనేజరు తన గదిలోకి వెళ్ళిపోయాడు. నాకు మాత్రం ఏమీ తేలికపడలేదు. మూసుకుంటుందని చెప్పడం ఒక ఎత్తు, మళ్ళీ తెరుచుకుంటుందని పెట్టిన నమ్మకం ఇంకో ఎత్తు.

మూడుంపావుకు దిమ్మలు తీశాను. నాలుగుంపావుకు లిమ్ దీవికి ఇవతల, సముద్రం మీద మబ్బు కింద చుట్లు కొడుతున్నాడని రేడియోలో వచ్చింది. కొండ లేదు. నాలుగున్నర. లేదు. నాలుగూ నలభైకి సింహాచలం ఫోన్. ఈసారి పలకరింపు కూడా లేదు. “తెరిపి బాబాయ్, తెరిపి, నడుం అగుపించింది.” రేడియో మనిషి నా నోటి వైపే చూస్తున్నాడు. తెరిపి అన్నాను. మలై కుర్రాడతను. పెద్దాయన రహీమ్ అప్పటికే రిటైరై వెళ్ళిపోయినా ఆ మాట అక్కడ మిగిలిపోయింది. తిప్పి అడగకుండా అదే మాట లిమ్‌కు అందించాడు.

లిమ్ దిగాడు, ఎక్కించుకున్నాడు, లేచాడు. మొత్తం పద్దెనిమిది నిమిషాలు. వెనక కొండ మూసుకోవడం కిటికీలోంచి కనపడిందని తరవాత నర్సమ్మ చెప్పింది. వెలుగుండగానే ఇక్కడ వాలారు. తలుపు తీసి స్ట్రెచర్ దింపింది నేనే. గణపతి కళ్ళు తెరిచే ఉన్నాడు. చెయ్యి గుండెల మీద పెద్ద తెల్లమూటలా ఉంది.

వెలిసిందా

రెండు రోజుల తరవాత ఆసుపత్రికి వెళ్ళాను. వెళ్ళకుండా ఉండలేకపోయాను. డాక్టరమ్మ వరండాలో చెప్పింది. చెయ్యి నిలబడింది, బొటనవేలు, పక్క రెండు వేళ్ళు బాగున్నాయి. చివరి రెండు వేళ్ళకు రక్తం సరిగా పారడం లేదు, ఇంకో మూడు రోజులు చూడాలి. నేను అడగవలసింది అడిగాను. గంటా పావు ముందు తెచ్చి ఉంటే? ఆమె ఆలోచించి, చెప్పలేనంది. మంచి డాక్టరు. ఊరికే మంచిమాట చెప్పలేదు.

లోపల గణపతి దగ్గర కంపెనీవాళ్ళు ఇద్దరు, ఇక్కడ క్రాంజీ హాస్టల్లో ఇదివరకు అతనితో ఉన్న నేస్తం ఒకడు ఉన్నారు. అందరూ ఓకే, ఏమీ కాదు, వేళ్ళన్నీ వచ్చేస్తాయి అంటున్నారు. వాళ్ళు వెళ్ళాక నేను మంచం పక్కన కూర్చున్నాను. సింహాచలం నా సంగతి చెప్పాడట. అతనికి అన్నీ తెలుసు, రెండింటికి ఆపింది నేనని కూడా. దాని గురించి ఏమీ అడగలేదు. కట్టు వైపు చూసుకుంటూ అడిగాడు.

“బాబాయ్, మీకు ఆకాశం తెలుత్తాదంట. మరి దీని సంగతి చెప్పండి. ఎలిసినాదా? తెరిపేనా?”

మధ్యాహ్నమంతా ఆ చెయ్యి కోసం అంతమంది పరుగెత్తాక, ఆ చిన్న అబద్ధం నా నోటి చివరి దాకా వచ్చింది. స్టాప్ ఆల్రెడీ అన్నట్టే, వెలిసిందిరా అనేస్తే సరిపోయేది.

“తెరిపే” అన్నాను. “ఇంకో మూడు రోజులు పోతే గానీ తెలియదు.”

అతను తల ఊపి గోడ వైపు తిరిగాడు. నేను కాసేపు కూర్చుని వచ్చేశాను. బస్సులో దారంతా, ఇవాళ ఒక్కరోజు అలా చెప్పకపోతే ఏం పోయిందని నన్ను నేను అడుగుతూనే ఉన్నాను.

ఆ తరవాత నాలుగో రోజున ఆ రెండు వేళ్ళు తీసేశారు. నేను ఆపిన గంటా పావు వాటికి ఎంత కారణమో నాకు ఇప్పటికీ తెలియదు. రెండింటికే వెళ్ళి ఉంటే చెయ్యి మొత్తం పోయేదో, విమానమే పోయేదో, అదీ తెలియదు. ఈ పనిలో ఇలాంటి లెక్కలు తేలవు. తేలినట్టు మాట్లాడేవాణ్ణి మాత్రం నమ్మకండి.

ఆరు నెలల తరవాత, నేను రిటైరయ్యే వారంలో, కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది. గణపతి. కంపెనీ తనను సామాన్ల గదిలో పెట్టిందని, మూడు వేళ్ళతో సంతకం నేర్చుకున్నానని చెప్పాడు. వేళ్ళు తీసేస్తామన్న పొద్దున డాక్టరమ్మ రాకముందే తనకు తెలుసన్నాడు. ఆ మూడు రోజులూ మనసు గట్టి చేసుకుని కూర్చున్నాడట.

“అందరూ ఓకే అన్నారు బాబాయ్. మీరొక్కరే తెరిపన్నారు. అందుకే నాను గుడ్డలారేసుకోనేదు.”

ఆ మాట నీకు ఎవరు చెప్పారని అడిగాను.

“మాయమ్మ” అన్నాడు.